రెండు మౌనాల కథ: ‘సైలెన్స్’ లఘుచిత్రం

బొమ్మల సినిమా (యానిమేషన్) అనగానే పిల్లల కాలక్షేపమని పక్కన పెట్టేసేవారు మనలో ఇంకా చాలామందే ఉన్నారు. ఓర్లీ యాదిన్, సిల్వీ బ్రింగాస్ కలిసి 1998లో బ్రిటన్‌లో తీసిన ‘సైలెన్స్’ను వారి ముందుంచాలని నాకు ఎప్పటినుంచో ఉంది. నిడివి 11 నిమిషాలే. 1940లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టిన తానా రాస్ జీవితం ఇందులోని కథ. తల్లిని నాజీలు ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి తరలించగా, పసిబిడ్డ తానా నేటి చెక్ దేశంలోని థెరీజియన్‌ష్టాట్ అనే ఊళ్లో నాజీలు నడిపిన నిర్బంధ శిబిరానికి చేరింది. అక్కడ బామ్మ ఆమెను దాచి కాపాడుకుంది. యుద్ధం ముగిశాక ఆ అమ్మాయి స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లోని బంధువుల ఇంట పెరిగింది.

ఈ కథను బొమ్మలతోనే ఎందుకు చెప్పాలన్న ప్రశ్నకు జవాబు ఆ శిబిరం చరిత్రలోనే ఉంది. దాదాపు 1,40,000 మందిని అక్కడికి తరలించారు. వారిలో సుమారు 33,000 మంది అక్కడే ప్రాణాలు విడిచారు, మరో 88,000 మందిని తూర్పున ఉన్న మృత్యుశిబిరాలకూ ఇతర చోట్లకూ పంపేశారు. అయినా 1944 జూన్‌లో రెడ్‌క్రాస్ ప్రతినిధులు వస్తున్నారని నాజీలు ఆ ఊరికి సున్నాలు వేయించి, తోటలు పెంచి, అదే ముస్తాబుతో ఆ తరువాత ఒక ప్రచార చిత్రం కూడా తీయించారు. అంటే కెమెరా పట్టిన థెరీజియన్‌ష్టాట్ ఒక పచ్చి అబద్ధం. దాక్కుని బతికిన పసిదాని ఛాయ ఆ ఫిల్ములో వెతికినా దొరకదు. అందుకే చేత్తో గీసిన బొమ్మే ఇక్కడ నమ్మదగిన సాక్ష్యమని నాకు గట్టిగా అనిపించింది.

శిబిరం ఘట్టాలను రూత్ లింగ్‌ఫర్డ్ నలుపు తెలుపుల్లో, చెక్కమీద ఉలితో చెక్కి అచ్చుతీసినట్లు గరుకుగా చిత్రించారు. స్టాక్‌హోమ్ ఘట్టాలను టిమ్ వెబ్ రంగుల్లో గీశారు. ఆ రంగులు 1943లో ఆష్విట్జ్‌లో హత్యకు గురైన బెర్లిన్ చిత్రకారిణి షార్లెట్ సాలొమన్ చిత్రాలను గుర్తుచేస్తాయి. చీకటి తొలగి రంగులు వచ్చాయి కనుక కష్టం గట్టెక్కిందని మనం అనుకుంటాం. కానీ ఆ రంగుల ఇంట్లోనూ జరిగినదాని గురించి నోరు మెదపకూడదన్నదే కట్టుబాటు. శిబిరంలో మౌనం ప్రాణం నిలిపింది; ఇక్కడ, ప్రేమగా చూసుకునే పెద్దలు కోరిన మౌనం, తనకేమైందో తానే చెప్పుకోలేని మనిషిగా ఆ పిల్లను పెంచింది. ఈ రెండింటినీ పక్కపక్కన నిలిపి చూపడమే ఈ చిత్రం చేసిన గొప్ప పని. విడుదలైన రోజుతో నిర్బంధితుల కథ ముగిసిపోయినట్లు చూపే ఎన్నో పెద్ద సినిమాలకు ఈ సంగతి తట్టనే లేదు.

లోటు చెప్పాలంటే, బామ్మ నాకు ఇంకా కనిపించి ఉంటే బాగుండేది. చూపు పసిపిల్లది కాబట్టి ఆమె ఒక అండగా మాత్రమే మిగిలిందని అర్థమవుతుంది గాని, అంత తెగువ చూపిన మనిషి దగ్గర మరొక్క నిమిషం ఆగాలని మనసు కొట్టుకుంటుంది.

వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లలకు చూపించవచ్చు, అయితే పెద్దలు పక్కన కూర్చుని వారి ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. వీలైతే వెంటనే రెండోసారి కూడా చూడండి. నేను అలా చూసినప్పుడు, రంగులు మొదలైన చోట నా గుండె తేలికపడలేదు.