గండికోటను కత్తిరించిన అట్టముక్కలు

ఫోటో చూపించగానే "సూపరన్నా" అని చెయ్యి దులుపుకునేవాళ్ల మీద నాకు చాలాకాలంగా ఉన్న కోపం ఈ రెండు అట్టముక్కలతో తీరింది. అంచులు అరిగి సగం పాడైనా వీటికి సమీక్ష రాయాలనిపించింది అందుకే.

ఎల్ ఆకారంలో కోసిన నల్ల ముక్కలు రెండు. ప్రింటు మీద ఎదురెదురుగా పెట్టి జరుపుతుంటే మధ్యలో ఫ్రేము చిన్నదీ పెద్దదీ అవుతుంది. డార్క్‌రూమ్ రోజుల నుంచీ వాడుతున్నవే, కొత్త విద్యేమీ కాదు. మావి మౌంట్ బోర్డువి, అనంతపురంలో ఫ్రేములు కట్టే షాపులో మిగిలిన అట్టతో కోయించాను. అంతకుముందు చార్టుతో చేసుకున్నవి ఏప్రిల్ ఎండకే అప్పడంలా పైకి లేచిపోయాయి.

వీటిలో నాకు నచ్చింది ఒక్కటే. ఇవి చేతిలో ఉంటే మనిషి మాటలతో తప్పించుకోలేడు. ఫోన్‌లో పంపిన ఫోటోకి చప్పట్ల బొమ్మ నొక్కేసి ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు. అదే ఫోటోని పన్నెండుకు పద్దెనిమిది అంగుళాల ప్రింటు వేయించి, ముక్కలు చేతికిస్తే వేరే కథ. "బాగుందప్పా, కానీ ఏందో..." అన్నవాడు ఆ ఏందో ఎక్కడుందో అక్కడికి ముక్కను జరిపి చూపించాల్సిందే.

మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు చేరేది నలుగురైదుగురం. రిటైరైన డ్రాయింగ్ సారు, పెళ్లిళ్లకు ఫోటోలు తీసే స్టూడియో అన్న, ఇంజనీరింగ్ చదివే మా చిన్నాన్న కొడుకు, నేను తప్పకుండా ఉంటాం. ముక్కలు కోయించిన కొత్తలోనే నా గండికోట ఫోటో టేబుల్ ఎక్కింది. రాత్రి జమ్మలమడుగులో పడుకుని, చీకటితోనే కోటకు చేరి, కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్సును బాగా వెడల్పుగా పట్టే 18 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి తీసింది. అంత దూరం పోయాక ఏదీ వదలబుద్ధి కాదు కదా. గులాబీ రంగు ఆకాశం, రెండు వైపులా ఎర్రకొండ, అడుగున పెన్నా, ఎడమ పక్క బండ కొసన నిలబడి సెల్ఫీ తీసుకుంటున్న జనం, అన్నీ పట్టాయి.

సారు ఏమీ మాట్లాడలేదు. పై ముక్కను నిదానంగా కిందికి జరిపారు, ఆకాశం పోయింది.

"ఆకాశం బాగుండాది కద సార్."

"మీ మిద్దె మీంచి కూడా కనపడతాది లేప్పా" అన్నారు, ఎడమ పక్క కూడా మూసేస్తూ.

చివరికి మిగిలింది నిలువుగా సన్నటి ముక్క. కింద ఏరు మలుపు తిరిగే చోటు, దాని పైన పేర్చి పెట్టినట్టున్న రాతిపొరలు. ఎండ పై పొరల మీదే పడింది, కిందివన్నీ ఇంకా నీలం నీడలో ఉన్నాయి. పెద్ద ఫోటోలో ఆకాశం గులాబీ రంగు ముందు ఈ ఎండ గీత ఎవరికీ ఆనలేదు. స్టూడియో అన్న ఊరుకోలేదు. ముక్కలు లాక్కుని ఏరు మొత్తం కోసేసి, కొండల తలలూ ఆకాశమూ మాత్రం ఉంచి పొడుగ్గా అడ్డంగా ఇంకొకటి చేశాడు. అదీ బాగానే ఉంది. ఇద్దరూ వాదించుకుంటుంటే మా తమ్ముడు, "రెండు బొమ్మలు ఒకే దాంట్లో కొట్టుకుంటున్నాయి, అంతే కదా" అన్నాడు. నా ఫోటో మీద అంతకు ముందూ తర్వాతా అంత పనికొచ్చే మాట ఎవరూ అనలేదు. మళ్లీ వెళ్లినప్పుడు లెన్సును దూరానివి దగ్గరగా పట్టే 55 దాకా తిప్పి రాతిపొరలను విడిగా, ఆకాశాన్ని విడిగా తీసుకున్నాను.

ఇక్కడితో ఆపేస్తే ఇది అడ్వర్టైజ్‌మెంటు అయిపోతుంది.

సారు చేసిన నిలువు ముక్కను ప్రింటు వేయించి హాల్లో తగిలించాను. మా అత్తది జమ్మలమడుగు వైపే, గండికోట చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. దాని ముందు కాసేపు నిలబడి, "ఇదేంది అల్లుడా, రాళ్ల క్వారీనా?" అంది. ఆమె అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు. బండ మీది జనం ఎడమ పక్కతో పాటే పోయారు. చీమంత మనుషులు ఉంటేనే కదా ఆ లోయ లోతు తెలిసేది. ముక్కలు జరిపేటప్పుడు చూపంతా మిగిలినదాని మీదే ఉంటుంది, పోయినదాని గురించి అడిగేవాళ్లు ఉండరు. పైగా చుట్టూ నలుపు ఉండటం వల్ల ఫోటో ఉన్నదానికంటే వెలుగ్గా కనిపిస్తుంది. మిద్దె మీద మెరిసిన బొమ్మ తెల్ల గోడ మీద మబ్బుగా ఉండేసరికి, మొదట ల్యాబ్ వాడినే తిట్టుకున్నాను.

కోసేటప్పుడు ఇంకో సంగతి ఎవరికీ గుర్తుండదు. 24 మెగాపిక్సెళ్ల ఫోటోలో మూడో వంతు ఉంచుకుంటే చేతిలో ఉన్నవి 8. అదే పన్నెండుకు పద్దెనిమిది సైజులో వేస్తే అంగుళానికి 200 చుక్కలు కూడా రావు. గోడకు తగిలించి దూరం నుంచి చూస్తే ఫర్వాలేదు, దగ్గరికొచ్చి చూసే మా అత్తలాంటివాళ్లకు కష్టం.

వెలుతురు విషయంలో ఇవి ఎందుకూ పనికిరావు. రామగిరి కొండల మీది గాలిమరలను మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో మీద ఒక సాయంత్రమంతా ముక్కలు జరిపాం. ఆకాశం తెల్లగా పాలిపోయి, ఎర్రమట్టికి రంగే లేదు. అట్టముక్కలు లేకపోయుంటే ఎవరో ఒకరు "సాయంత్రం ఐదింటికి పోయి మళ్లీ తియ్యప్పా" అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు. చేతిలో కత్తెర ఉంది కాబట్టి అందరూ కత్తిరించడమే పనిగా పెట్టుకున్నారు.

నాకు నిజంగా బాధ కలిగించింది మా తమ్ముడి గుత్తి కోట ఫోటో. తలా ఒక పక్కనుంచి జరిపి జరిపి పోస్టు స్టాంపంత చేశారు. వాడు ఒక్క మాట అనకుండా ప్రింటు చుట్టుకుని వెళ్లిపోయాడు, కొన్ని వారాలు మిద్దె ఎక్కలేదు. అప్పటి నుంచి పద్ధతి మార్చాం. ముక్కలు ముందు ఫోటో తీసినవాడి చేతికే. తన కంటికి ముఖ్యమైనదేదో వాడు చూపించాక, మిగతావాళ్లు దానికి అడ్డొచ్చేదాన్ని మాత్రం మూయాలి, కొత్త బొమ్మ కనిపెట్టకూడదు. సారుకి ఈ నియమం నచ్చదు, అప్పుడప్పుడూ దాటుతారు కూడా. ఆయన దాటినప్పుడు మేం ఊరుకుంటాం, అది వేరే విషయం.

కొనుక్కోవచ్చా అంటే, కొనే వస్తువు కాదు, కోయించుకునేది. నా మట్టుకు పని జరుగుతోంది. ప్రింటు వేయించే ఓపిక ఉంది, చూసేవాళ్లు నడిచొచ్చే దూరంలో ఉన్నారు, ఫోన్‌లో చిన్న బొమ్మ చూడాలంటే నాకు కళ్లజోడు వెతుక్కోవాలి. ఒంటరిగా తీసుకుంటూ ఫోన్‌లోనే చూసుకునేవాళ్లకు ఫోన్‌లోని క్రాపు చాలు. కోసిన అంచుల్లో అట్ట లోపలి తెలుపు బయటపడి కంటికి గుచ్చుకుంటోంది, మార్కరు పూసి నెట్టుకొస్తున్నాను. కొత్త జత ఈసారి బూడిదరంగు అట్టతో కోయించాలని ఉంది. షాపాయన దగ్గర ఆ రంగు ముక్కలు మిగలాలి మరి.