స్టీమ్ ర్యాలీలో బుల్లి ఇంజన్ కొనేవాళ్లు బాయిలర్ నంబరు చూశాకే డబ్బులివ్వండి

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లలో పాత ఆవిరి బండ్ల పిచ్చి ఎంతమందికి ఉందో గానీ, ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి వెళ్లండి. ర్యాలీ స్టాల్‌లో 900 పౌండ్లు నగదు ఇచ్చి కొన్న ఇంజన్ ఇప్పుడు మా హాల్లో బొమ్మలా కూర్చుంది.

ఆగస్టు చివర్లో డోర్సెట్‌లో ఒక పల్లె పొలంలో జరిగింది ర్యాలీ, అంటే పాత ఆవిరి బండ్లు తెచ్చి నడిపి చూపించే జాతర. నేను, మావాడు, ఊరి నుంచి వచ్చిన నాన్న వెళ్లాం. నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేశారు. బొగ్గు పొగ ముక్కుకి తగలగానే ఆయన మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో! థెట్‌ఫర్డ్‌లో తయారైన బరెల్ కంపెనీ షోమాన్ ఇంజన్ ఒకటి, పొగగొట్టం ముందు డైనమో, మెలితిరిగిన ఇత్తడి స్తంభాలు, పైన వరసగా బల్బులు. ఒకప్పుడు తిరునాళ్లలో రంగులరాట్నానికి కరెంటిచ్చిన బండి. ఇంకోచోట ఇంజన్ చక్రానికి బెల్టు తగిలించి గోధుమలు నూర్చుతున్నారు. ఆ దుమ్ములో నాన్న గంటసేపు నిలబడ్డారు. రోజంతా అక్కడితో ఆగిపోయుంటే ఎంత బాగుండేదో.

సాయంత్రం స్టాళ్ల వైపు వెళ్లాం. మడత బల్ల మీద ఒక అంగుళం స్కేలు (అసలు బండిలో అడుగుకి ఇందులో అంగుళం) ట్రాక్షన్ ఇంజన్, అంటే రోడ్డు మీద బరువులు లాగే ఆవిరి బండి నమూనా, ఆకుపచ్చ రంగు, ఎర్ర చక్రాలు. అమ్మేవాడు చిన్న కంప్రెసర్‌తో గాలి పెట్టి తిప్పి చూపించాడు. చక్రం గడియారంలా తిరిగింది, నేను మోజులో పడిపోయాను. గాలితో తిరిగితే సిలిండర్, పిస్టన్ బాగున్నాయని మాత్రమే అర్థం. బాయిలర్ సంగతి దానివల్ల ఏమీ తెలియదు. నాన్న వంగి చూసి, "రేయ్, ఈ తెల్ల చారలు నీళ్లు కారి ఎండినవి. నిప్పేసి చూపించమను" అన్నారు. స్టాళ్ల దగ్గర మంట పెట్టనివ్వరన్నాడు వాడు. ప్లాస్టిక్ కవర్లో బాయిలర్ సర్టిఫికెట్, అంటే పరీక్షలో నెగ్గిందన్న కాగితం చూపించాడు. కార్డు మెషిన్‌కి సిగ్నల్ లేదన్నాడు. నిజంగానే నా ఫోన్‌కీ లేదు.

తర్వాత ఇలాంటి బుల్లి ఇంజన్లు చేసేవాళ్ల మోడల్ ఇంజనీరింగ్ క్లబ్బులో చేరి, అక్కడ బాయిలర్లు పరీక్షించే ఇన్‌స్పెక్టర్‌కి చూపించాను. ఆయన ముందు చూసింది బాయిలర్ మీద కొట్టిన నంబరు. సర్టిఫికెట్‌లో ఉన్న నంబరు వేరు! అది ఇంకేదో బాయిలర్ కాగితం. కాగితాలు లేని బాయిలర్‌ని కొత్తదాని కిందే లెక్కేసి, నడిపే ఒత్తిడికి రెండింతలు నీటి ఒత్తిడి పెట్టి చూస్తారట. మాది చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడిది, అంటే 160 తట్టుకోవాలి. 50 దగ్గరే నాన్న చూపించిన చోటి నుంచే నీళ్లు చెమర్చాయి. కొత్త బాయిలర్ చేయించాలంటే నేను పెట్టిన డబ్బు కూడా చాలదన్నారు.

వ్యాపారి దగ్గర కొంటే 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని 30 రోజుల్లో తిరిగిచ్చేయొచ్చు. మామూలు మనిషి సొంత సామాను అమ్ముకుంటే, చెప్పినట్టుగా ఉండాలన్నంత వరకే మన హక్కు. నా రసీదులో పేరూ అడ్రసూ లేవు, ఇక హక్కు ఎవరిమీద? ఆ ఫోన్ నంబరు మోగుతూనే ఉంది. నిర్వాహకులు స్థలం అద్దెకిచ్చామంతే అన్నారు. 100 పౌండ్లు దాటిన సరుకుకి క్రెడిట్ కార్డు వాడి ఉంటే బ్యాంకునైనా పట్టుకునేవాణ్ణి.

కాబట్టి టార్చి తీసుకెళ్లి నంబర్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, అడ్రసు రాయించుకోండి. నిప్పేసి చూపించనంటే ఇంటికొచ్చి చూస్తానని చెప్పండి.

ఇంకొకటి. నాకిచ్చిన సర్టిఫికెట్ జెరాక్స్. కుడి పైమూల టీ కప్పు పెట్టిన గుండ్రటి మరక నల్లగా పడి ఉంది. అదే మరకతో ఉన్న కాగితం మీకు ఇంకో ఇంజన్‌తో కనిపిస్తే, బేరం ఆడకుండా వచ్చేయండి.