ఆర్మీ మెడికల్‌లో అన్‌ఫిట్ వస్తే ‘వేవర్’ (మినహాయింపు) తెప్పిస్తానంటూ ఒక సార్ తిరుగుతున్నాడు, జాగ్రత్త

పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం వైపు ఆర్మీకి ప్రిపేరయ్యే కుర్రాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి. పేరు రాయను, రాస్తే తిరిగి నామీదే కేసు పెడతానంటాడు. సాయంత్రం గ్రౌండుకి బుల్లెట్టు మీద వచ్చి, మిలటరీ టోపీ పెట్టుకుని, ఎవడు ఎంతలో పరిగెత్తాడో దూరం నుంచి చూస్తుంటాడే, ఆ సారే. మీకు తెలుసు.

మా తమ్ముడు అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్ష పాసయ్యాడు. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొట్టి 60కి 60, బీమ్ (పుల్ అప్స్) 10 తీసి 40కి 40. మెడికల్‌లో ఆగిపోయాడు, ఫ్లాట్ ఫుట్ (పాదంలో వంపు లేదు) అని రాశారు. అయితే రాసి వదిలేయలేదు, మిలటరీ హాస్పిటల్లో స్పెషలిస్టుకి చూపించుకోమని స్లిప్పు ఇచ్చారు, ఎప్పటిలోపు వెళ్ళాలో కూడా అందులోనే ఉంది. స్లిప్పు పట్టుకుని బండెక్కితే సరిపోయేది. కానీ మనింట్లో చావైనా పెళ్ళైనా ఆ సార్‌కి కబురు మనకంటే ముందే అందుతుంది, మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఉన్నాడు.

ఆయన చెప్పిందేమిటంటే, స్పెషలిస్టు దగ్గరికి వెళితే అక్కడా అన్‌ఫిట్టే రాస్తారు, అప్పుడిక పర్మనెంట్ రిజెక్ట్, దేవుడొచ్చినా మార్చలేడు. అదే ముందుగా ‘మెడికల్ వేవర్’ తెచ్చుకుంటే కాళ్ళే చూడరట. ఫోన్లో వీడియో కూడా చూపించాడు, ఎవరో తెల్లకుర్రాడు తనకి వేవర్ వచ్చిందని సంబరపడిపోతున్నాడు. అది అమెరికా సైన్యం సంగతండీ. అక్కడ మెడికల్‌లో కాదన్నాక కేసుని బట్టి ఆ సర్వీసు వైద్యాధికారులే మినహాయింపు ఇస్తారు, ఇవ్వకపోతారు, దానికీ డబ్బు కట్టే పని లేదు. మన దగ్గర అన్‌ఫిట్ వచ్చినవాడికి ఉన్నది రివ్యూ మెడికల్, అంటే ఆ స్లిప్పుతో వెళ్ళి స్పెషలిస్టుకి చూపించుకోవడమే. ఇవన్నీ ఇప్పుడు ఎంత చక్కగా తెలిశాయో చూడండి. ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనేనని పేరు.

గడువు దాటిపోతుందేమో సార్ అని అమ్మ అడిగింది. ‘42 రోజులు టైముందమ్మా, టెన్షన్ పడకండి’ అన్నాడు. ఆ 42 రోజుల లెక్క ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్ల సెలక్షన్ బోర్డు)కి వెళ్ళే క్యాండిడేట్ల అప్పీలు బోర్డుది, అగ్నివీర్ కుర్రాళ్ళది కాదు. ఆయన నోట అంకె తడబడకుండా వచ్చేసరికి అందరం తలూపాం.

45 వేలు. అమ్మ మిషన్ శక్తి మహిళా సంఘం గ్రూపులో తీసుకున్న లోను. ఫోన్‌పే చేస్తే పేరు ఏదో మొబైల్ షాపుదని వచ్చింది, ‘మా అకౌంటెంట్‌ది’ అన్నాడు. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఫైలుకి ఒరిజినల్ కావాలని తమ్ముడి చేతిలోంచి ఆ స్లిప్పు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు చూడండి, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

స్లిప్పులో ఉన్న గడువు దాటాక వేవర్ వచ్చింది. లామినేషన్ చేసి మరీ ఇచ్చాడు. పైన మూడు సింహాలు, కింద గుండ్రటి స్టాంపు, లామినేషన్ లోపలే సిరా పాకి సగం అక్షరాలు అలికినట్టున్నాయి, దాని మీద ఉన్న తేదీ ఆదివారం. అది పట్టుకుని మిలటరీ హాస్పిటల్‌కి వెళ్ళాం. గేటు దగ్గర హవల్దారు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, పాపం గట్టిగా కూడా అనలేదు, ‘దీన్ని లోపలికి తీసుకెళ్ళకు, నీమీదే కేసవుతుంది. రిఫరల్ స్లిప్పు ఏది?’ అన్నాడు.

అక్కడి నుంచే సార్‌కి ఫోన్ చేశాను. కనీసం స్లిప్పయినా ఇచ్చేయండి, లోపల బతిమాలుకుంటాం అన్నాను.

‘ఏ స్లిప్పు?’ అన్నాడు.

మీ చేతికే ఇచ్చాం కదా సార్ అంటే, ‘నాకెవరూ ఏ స్లిప్పూ ఇవ్వలేదు. మీవాడి కాళ్ళు బల్లపరుపుగా పుడితే నాదా తప్పు? పోయి ఏదైనా హోటల్లో చేర్పించు, పొద్దస్తమానం నిలబడి ప్లేట్లు కడగడానికి అలాంటి కాళ్ళే బావుంటాయి’ అని నవ్వి పెట్టేశాడు. ఫోను స్పీకర్లో ఉంది. తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. నన్ను ఎన్ని మాటలన్నా పడేవాణ్ణి. చీకటితో లేచి మూడేళ్ళు పరిగెత్తిన పిల్లాడిని పట్టుకుని అనాల్సిన మాటేనా అది?

ఇంకోటి వినండి. తిరిగొచ్చాక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆయన తమ్ముణ్ణి మునివేళ్ళ మీద నిలబడమన్నారు. మామూలుగా నిలబడితే నేలకి అంటుకుపోతున్న పాదం, వేళ్ళ మీద లేవగానే లోపలివైపు చక్కగా విల్లులా వంగింది. నొప్పి లేదు, పాదం బిగుసుకుపోలేదు. ఇలా వంపు తిరిగి వస్తూ, బాగా పరిగెత్తగలిగితే సైన్యం ప్రమాణాల్లోనే ఒప్పుకుంటారు, బిగుసుకుపోయిన ఫ్లాట్ ఫుట్ అయితేనే వద్దంటారు అని చెప్పారు. అంటే స్పెషలిస్టుకి చూపించుకుని ఉంటే పాసయ్యే అవకాశం గట్టిగా ఉండేది. 45 వేలు ఇచ్చి మరీ పోగొట్టుకున్నాం.

మీ పిల్లలకి అన్‌ఫిట్ వస్తే స్లిప్పు మీద ఉన్న తేదీ చూసుకుని నేరుగా అక్కడికే వెళ్ళండి, గడువు రోజుల్లోనే ఉంటుంది, నెలల్లో కాదు. డౌటుంటే ఒడిశాలో మా గజపతి జిల్లావాళ్ళు గోపాల్‌పూర్‌లోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసులో, పాతపట్నం వైపువాళ్ళు విశాఖ ఆఫీసులో అడగండి. ఒరిజినల్ ఎవడికీ ఇవ్వొద్దు, జిరాక్స్ ఇవ్వండి. డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మేం ఆలస్యంగా చేశాం, కంప్లైంట్ నంబరైతే వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.