పళ్ల సెట్టుకి డబ్బు కట్టే ముందు ఎముక సంగతి అడగండి

మా అమ్మకి 72 ఏళ్లు. కింద మిగిలిన ఏడు పళ్లూ కదులుతుంటే ఒక డెంటల్ క్లినిక్‌కి తీసుకెళ్లాను. పీకేసి పది రోజుల్లో పర్మనెంట్ సెట్టు పెట్టేస్తామన్నారు, తర్వాత కావాలంటే ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో స్క్రూలా బిగించే పళ్లు, కూడా వేస్తామన్నారు. ప్యాకేజీ డబ్బంతా ముందే కట్టించుకున్నారు. పది రోజులనగానే నేనూ తల ఊపేశాను.

సెట్టు పెట్టిన మూడో రోజుకే చిగురు మీద పుండు. సెట్టుని అక్కడ అరగదీసి పంపారు. మళ్లీ పుండు. నాలుగుసార్లు తిరిగాక అమ్మ దాన్ని తీసి డబ్బాలో పెట్టేసింది.

ఇంకోచోట ఓరల్ సర్జన్‌కి చూపిస్తే ఆయన వేలితో చిగురు తడిమి, "లోపల ఎముక అంచు కత్తిలా ఉందమ్మా, దీని మీద సెట్టు ఎలా కూర్చుంటుంది?" అన్నారు. ఆ అంచుని నునుపు చేయడాన్ని అల్వియోలోప్లాస్టీ అంటారట. పళ్లు పీకినప్పుడే, అదే మత్తులో అయిపోయే పని. ఇప్పుడు దానికోసం మానిన చిగురుని మళ్లీ కోయాలి.

పర్మనెంట్ అన్న మాట కూడా నిజం కాదు. పళ్లు పీకాక ఎముక తరుగుతుంది, మొదటి ఏడాదిలోనే ఎక్కువ. అందుకే పీకిన వెంటనే పెట్టే సెట్టు కొన్ని నెలలకే వదులవుతుంది. లోపలివైపు మళ్లీ సరిచేయాలి, లేదా కొత్తది చేయించాలి. ఇంప్లాంటయితే ఎముకతో అతుక్కోవడానికే సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఎముక ఎంత మందం ఉందో దవడని 3డీలో చూపించే సీబీసీటీ స్కాన్‌లో తెలుస్తుంది. మాకు మామూలు ఎక్స్‌రే ఒక్కటి చూసి ఇంప్లాంట్ల లెక్క చెప్పేశారు!

నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఇంకొకటుంది. ఎముకలు గుల్లబారకుండా అమ్మ వారానికొక అలెండ్రోనేట్ మాత్ర వేసుకుంటుంది. ఆ మందు వాడేవాళ్లలో పన్ను పీకిన చోట గాయం మానక దవడ ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది, అరుదే అయినా. క్లినిక్‌లో బీపీ, షుగర్ తప్ప ఇంకేమీ అడగలేదు. మాత్రల గురించి సర్జన్ అడిగేదాకా నాకూ చెప్పాలని తట్టలేదు. మీ పెద్దవాళ్లు వాడే మందులన్నీ, రక్తం పలచబడే మాత్రలతో సహా, చీటీ మీద రాసి తీసుకెళ్లండి. అలాగని వాటిని మీ అంతట మీరే ఆపేయకండి, రాసిన డాక్టరునే అడగండి.

ఎక్స్‌రే, కేస్ షీట్ కాపీలు పళ్లు పీకించిన రోజే తీసుకోండి. మేం ఇప్పుడు వెళ్లి అడిగితే ఫైలు కనబడటం లేదంటున్నారు.