క్యూ కోసం తిరిగిన ఊళ్లు: షోరూమ్, క్లబ్బు, లాడ్జి, వర్క్‌షాప్

బల్ల మీద ఆడే పూల్ ఆటగాళ్లలో చాలామంది క్యూను, అంటే బంతులు కొట్టే కర్రను, ఫోటో చూసి తెప్పించుకుంటారు. బరువు, పొడవు, టిప్ (బంతికి తగిలే తోలు కొస) కొలత అన్నీ రాసే ఉంటాయి కదా అని ధీమా. ఆ అంకెలన్నీ ఒకేలా ఉన్న రెండు క్యూలు చేతిలోకి తీసుకుంటే ఒకటి మనదిలా, ఇంకొకటి పరాయిదిలా అనిపిస్తుంది. అందుకే ఈసారి కొనేముందు తిరిగి, ఆడి, చూసి కొందామని నేనూ మా బావా బయల్దేరాం. నాది నెమ్మది ఆట. తెల్ల బంతిని మధ్యలో కొట్టి, వీలైనంత తక్కువ కదిపి, తర్వాతి బంతికి నిలబెట్టుకుంటాను. బావ సంగతి వేరు. సైడ్ స్పిన్ (బంతిని పక్కన కొట్టి తిప్పడం) పెట్టకుండా ఆయన ఏ షాట్ ఆడడు, తెల్ల బంతి మూడు కుషన్లు (టేబుల్ రబ్బరు అంచులు) తిరిగి వస్తేగానీ తృప్తి ఉండదు. ఇద్దరికీ ఒకే క్యూ సరిపోదని ముందే తెలుసు. ఎవరికి ఏది సరిపోతుందన్నదే తేలాలి.

మొదట వెళ్లింది పెద్ద షోరూమ్‌కి. చూడ్డానికి కన్నుల పండుగే. గోడ పొడవునా క్యూలు నిలబెట్టి, కింద దీపాలు పెట్టారు. బావ నేరుగా వెళ్లి నగిషీగా పొదుగు పని చేసిన బట్‌ల (క్యూలో చేత్తో పట్టుకునే వెనక సగం) దగ్గర ఆగిపోయాడు. "బావా, బట్ తర్వాత చూద్దువుగానీ, ముందు షాఫ్ట్ పట్టు" అని లాక్కొచ్చాను. బంతి వైపుండేది షాఫ్ట్, అంటే క్యూ ముందు సగం; తగిలేది దాని కొసనున్న టిప్. ఆటలో తేడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. బట్‌లో మనకు పనికొచ్చేవి బరువు, బ్యాలెన్సు, చేతికి తగిలే పట్టు, ఇంతే. పొదుగు పని చూసుకోవడానికే.

అక్కడ నాకు నచ్చింది కొలతలన్నీ పక్కపక్కన దొరకడం. 13 మిల్లీమీటర్ల మామూలు మేపుల్ చెక్క షాఫ్ట్, 12.75, 12.4, 11.8 ఇలా వరసగా పట్టుకుని చూడొచ్చు. వేళ్లు చుట్టి బ్రిడ్జ్ (క్యూ జారడానికి ముందు చేత్తో ఇచ్చే ఆసరా) వేసేవాళ్లకు సన్నది హాయిగా జారుతుంది. చేతులు పెద్దవైతే 13 నిండుగా ఉంటుంది. సన్న టిప్‌తో స్పిన్ ఎక్కువ వస్తుందని సేల్స్‌మన్ చెప్పాడు. ఈ మాట అందరూ అంటారు గానీ, స్పిన్ ఎంత వస్తుందన్నది టిప్ బంతి మధ్య నుంచి ఎంత పక్కన తగిలిందన్నదాన్ని బట్టే ఉంటుంది. టిప్ సన్నగా ఉంటే ఎక్కడ తగులుతుందో కంటికి బాగా కనిపిస్తుంది, ధైర్యంగా అంచుకు కొడతాం. అదీ అసలు లాభం. టేపర్ కూడా చూడాలి. కొన్ని షాఫ్టులు టిప్ నుంచి అడుగుకు పైగా ఒకే లావులో వెళ్తాయి, కొన్ని మొదటి నుంచే మెల్లగా లావెక్కుతాయి. పొడవాటి స్ట్రోక్ ఉన్న బావకు రెండో రకం బ్రిడ్జ్‌లో బిగుసుకుంది. నాకు తేడానే తెలియలేదు.

క్యూ వంకర ఉందో లేదో చూడటానికి టేబుల్ మీద దొర్లించనిచ్చారు. ఇది మంచి మర్యాద, అన్నిచోట్లా ఒప్పుకోరు. బిగించి ఒకసారి, విడదీసి షాఫ్ట్ ఒకసారి, బట్ ఒకసారి దొర్లించాలి. దొర్లేటప్పుడు షాఫ్ట్ కింద నుంచి కనిపించే వెలుతురు గీత పెరిగి తగ్గుతోందా అని చూడాలి. నేను తీసిన ఒక క్యూలో రెండు ముక్కలూ తిన్నగానే దొర్లాయి, బిగిస్తే మాత్రం టిప్ కొద్దిగా ఎగిరింది. జాయింట్ (షాఫ్ట్, బట్ కలిసే చోటు) దగ్గర ముఖాలు సరిగ్గా కలవలేదన్నమాట. ఆ క్యూ పక్కన పెట్టేశాం.

అయితే ఆడి చూసే టేబుల్ దగ్గరకొచ్చేసరికి నాకు నమ్మకం పోయింది. కొత్త క్లాత్, తళతళలాడే బంతులు. కొత్త క్లాత్ మీద బంతి జారుతూ ఎక్కువ దూరం పోతుంది, వెనక్కి తిరిగే స్పిన్ తొందరగా చావదు. ఏ క్యూతో కొట్టినా డ్రా షాట్ (ఎదుటి బంతిని కొట్టాక తెల్ల బంతి వెనక్కి రావడం) అద్భుతంగా వచ్చేస్తుంది. పైగా పక్కనే సేల్స్‌మన్ నిలబడి "ఎలా ఉంది సార్, ఎలా ఉంది సార్" అంటుంటే స్ట్రోక్ ఎలా సాగుతుంది? రకాలు చూసుకోవడానికి షోరూమ్ అంత మంచి చోటు లేదు. నిర్ణయం మాత్రం అక్కడ తీసుకోకూడదు.

తర్వాత వెళ్లిన పాత క్లబ్బులో హంగులేమీ లేవు. టేబుళ్లు 9 అడుగులవే గానీ, క్లాత్ అరిగి, ఆట మొదట్లో బంతులు పేర్చేచోట గుంటలు పడ్డాయి. గోడకున్న క్యూల్లో తిన్నగా ఉన్నది వెతుక్కోవాలి. కానీ మేనేజర్ దగ్గర పరీక్షకిచ్చే షాఫ్టులు ఉన్నాయి. తాకట్టుగా ఏదో ఒకటి ఉంచి సాయంత్రమంతా ఆడుకోవచ్చు, ఎవరూ మీద పడి అడగరు. ఒకటే ఇబ్బంది, అవన్నీ ఒకే రకం జాయింట్‌వి. 3/8-10 కొలత మర (స్క్రూ గాడి) ఉన్న షాఫ్ట్ 5/16-18 కొలత పిన్నుకు ఎక్కదు. యూని-లాక్ లాంటి తొందరగా బిగిసే జాయింట్‌ది అసలే వేరు. నా బట్‌కు అవి పట్టాయి, బావది పట్టలేదు. ఇద్దరం నా బట్‌తోనే ఆడాం.

డిఫ్లెక్షన్, అంటే పక్కన కొట్టినప్పుడు తెల్ల బంతి గురి గీత నుంచి తప్పుకోవడం, దాని సంగతి తేలింది ఇక్కడే. తెల్ల బంతిని హెడ్ స్పాట్ (మొదటి షాట్ కొట్టే వైపు, టేబుల్ పొడవులో పావు దూరంలో ఉండే చుక్క) మీద పెట్టి, ఎదుటి కుషన్ మధ్యలో చాక్ గుర్తు పెట్టుకున్నాం. 9 అడుగుల టేబుల్ మీద ఆడే స్థలం 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు. హెడ్ స్పాట్ నుంచి ఆ కుషన్ 75 అంగుళాలు. క్యూను గుర్తు వైపు గీతకు సమాంతరంగానే ఉంచి, టిప్ వెడల్పంత కుడివైపు జరిపి, గట్టిగా కొట్టాలి. కుడివైపు కొడితే బంతి ఎడమకు తప్పుకుంటుంది. అంత దూరంలో ఒక్క డిగ్రీ తప్పుకున్నా గుర్తుకు దాదాపు 1.3 అంగుళాలు పక్కన తగులుతుంది. బంతి వ్యాసమే 2.25 అంగుళాలు కాబట్టి, ఆ తేడాకు పాకెట్ తప్పిపోవడం ఖాయం. మెల్లగా కొడితే బంతి వంకర తిరిగి మళ్లీ గీత మీదికి రావడానికి చూస్తుంది. అప్పుడు షాఫ్ట్ గుణం తెలియదు. అందుకే గట్టిగా కొట్టమనేది.

మామూలు మేపుల్‌తో బావ కొట్టిన బంతులు గుర్తుకు బాగా ఎడమగా తగిలాయి. తక్కువ డిఫ్లెక్షన్ షాఫ్ట్ బిగించి అవే షాట్లు కొడితే గుర్తు దగ్గరకొచ్చాయి. షాఫ్ట్ మెత్తగా వంగడం వల్ల ఇలా అవుతుందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి టిప్ వైపున్న కొద్ది అంగుళాల బరువు. ఆ కొస ఎంత తేలిగ్గా ఉంటే బంతిని అంత తక్కువగా పక్కకు నెడుతుంది. అందుకే తయారీదార్లు కొసను లోపల బోలు చేస్తారు, ఫెర్యూల్‌ను (టిప్ వెనకుండే తొడుగు) చిన్నది, తేలికది పెడతారు. ప్రిడేటర్ 314 లాంటి షాఫ్టుల్లో మేపుల్‌ను చీల్చి ముక్కలుగా అతికిస్తారు. దానివల్ల షాఫ్ట్ ఏ వైపు తిప్పి పట్టుకున్నా ఒకేలా ఆడుతుంది. 2016లో అదే కంపెనీ రెవో తెచ్చాక కార్బన్ షాఫ్టులు టోర్నమెంట్లలో మామూలైపోయాయి. కార్బన్ వంకర పోదు, సొట్ట పడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. తగిలినప్పుడు వచ్చే చప్పుడు మాత్రం వేరు. నాకు ఆ చప్పుడు నచ్చలేదు. దీన్ని లోపమనలేం, నా చెవి గొడవ.

ఎంతోకాలంగా మామూలు షాఫ్ట్‌తో స్పిన్ ఆడేవాడి కన్ను ఆ తేడాను లెక్కేసుకునే గురి పెడుతుంది. తక్కువ డిఫ్లెక్షన్ షాఫ్ట్ చేతికివ్వగానే వాడు అవతలి పక్కకు తప్పుతాడు. బావకూ మొదట్లో అదే అయింది, విసుక్కున్నాడు కూడా. సాయంత్రం ముగిసేసరికి దారిలో పడ్డాడు. నా ఆటలో సైడ్ స్పిన్ తక్కువ కాబట్టి నాకు ఏ షాఫ్టైనా దాదాపు ఒకటే. షోరూమ్‌లో గంటలు గంటలున్నా ఈ సంగతి తెలిసేది కాదు.

బసకు క్లబ్బుకు దగ్గర్లోని లాడ్జిలో దిగాం. కింద పూల్ టేబుల్ ఉందని చూసి తీసుకున్న గది అది. ఉంది నిజమే, నాణెం వేస్తే బంతులు పడే 7 అడుగులది. ఒక మూలకు వాలిపోయింది. మెల్లగా కొట్టిన ప్రతి బంతీ ఆ మూల పాకెట్ వైపే పోతుంటే బావ ఒకటే నవ్వు. ఇలాంటి టేబుళ్లలో తెల్ల బంతి విడిగా వెనక్కి రావడానికి దాన్ని కాస్త పెద్దది గానో, బరువైనది గానో, లోపల అయస్కాంతానికి స్పందించేది గానో చేస్తారు. బరువైన తెల్ల బంతితో డ్రా సరిగా రాదు, ఫాలో (కొట్టాక తెల్ల బంతి ముందుకు సాగడం) అవసరానికి మించి పోతుంది. ఇలాంటి టేబుల్ మీదే రోజూ ఆడేవాళ్లైతే క్యూను కూడా ఇలాంటి టేబుల్ మీదే పరీక్షించాలి. మాకు మాత్రం కాలక్షేపానికి పనికొచ్చింది. గది శుభ్రంగానే ఉంది గానీ గోడలకు చెమ్మ. చెక్క షాఫ్టులకు చెమ్మ మంచిది కాదు, వాటిని గోడకు ఆనించి వదిలేయడం ఇంకా మంచిది కాదు. విడదీసి కేసులో పెట్టేశాం. కౌంటర్‌లో లాకర్ అడిగితే "కర్రలు పెట్టుకోవడానికా?" అని నవ్వారు, ఇవ్వలేదు. మళ్లీ ఆ లాడ్జిలో దిగను.

ప్రయాణం మొత్తంలో మేలైన చోటు క్యూలు బాగుచేసే వర్క్‌షాప్. కూర్చోవడానికి స్టూలు కూడా లేదు, ఫోన్ చేస్తే మేస్త్రీ ఎత్తడు, మనకన్నా ముందొచ్చినవాళ్ల పని అయ్యేదాకా నిలబడాల్సిందే. కానీ ఆయన ముందు క్యూ చూడలేదు, నన్ను ఆడమన్నాడు. నా వెనక చెయ్యి ఎక్కడ పడుతోందో చూసి, క్యూను వేలి మీద నిలబెట్టి బ్యాలెన్సు చుక్క గుర్తించాడు. అది ముందుకుంది. నేను 19 ఔన్సులదే కావాలని పట్టుబట్టి ఉన్నాను. ఆయన బట్ అడుగున బోల్టు మార్చి కొంచెం బరువు చేర్చగానే బ్యాలెన్సు వెనక్కి జరిగి, అదే క్యూ తేలిగ్గా అనిపించింది. వరల్డ్ పూల్ నిబంధనల ప్రకారం 25 ఔన్సుల దాకా ఉండొచ్చు కాబట్టి అర ఔన్సుకు భయపడక్కర్లేదు.

టిప్ దగ్గర ఆయన చాలాసేపు గడిపాడు. తోలు టిప్ వాడకం 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో మింగో అనే కెప్టెన్‌తో మొదలైందని చెబుతారు. టిప్ జారకుండా రాసే చాక్‌లో ఇప్పుడు వాడే రకానికి 1897లో అమెరికాలో స్పింక్స్, హాస్కిన్స్ పేటెంటు తీసుకున్నారు. ఈ రెండూ లేకపోతే బావ ఆట ఆటే కాదు. ఎంత ఖరీదైన షాఫ్టైనా టిప్ నునుపెక్కి, గుండ్రం పోతే మిస్‌క్యూ (టిప్ బంతి మీద జారిపోవడం) తప్పదు. మెత్తటి టిప్ చాక్‌ను బాగా పట్టుకుంటుంది, త్వరగా అణిగిపోతుంది. గట్టిది ఆకారం నిలుపుకుంటుంది, చాక్ మాటిమాటికీ రాయాలి. పొరల తోలుతో చేసిన మీడియం టిప్ వేసి, లేత్ మీద తిప్పుతూ అంచును షాఫ్ట్‌తో సమంగా చెక్కాడు. గోరు ఆనిస్తే కలిసినచోటు తగలలేదు. బావ తను ఎంచుకున్న కార్బన్ షాఫ్ట్‌ను తన పాత బట్‌కు బిగించమంటే మాత్రం మేస్త్రీ ఒప్పుకోలేదు. మర కలిసినా కాలర్ (జాయింట్ దగ్గరి పట్టీ) వ్యాసం కలవదని వేలితో తడిమి చూపించాడు. వచ్చిన బేరం వదులుకున్న మనిషి మాట నమ్మాలనిపించింది.

చివరికి నేను నా బట్ ఉంచుకుని 12.75 మేపుల్ షాఫ్ట్ ఒకటి తీసుకున్నాను. బావ 12.4 కార్బన్, దానికి సరిపడే బట్ కలిపి షోరూమ్‌లోనే కొన్నాడు. పొదుగు పని లేనిదే.

తిరిగి విమానంలో వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. విమానాశ్రయాల్లో సాధారణంగా క్యూను క్యాబిన్‌లోకి రానివ్వరు. మెత్తటి సంచి కాకుండా గట్టి గొట్టం కేసులో పెట్టి లగేజీలో వేయాలి. జాయింట్ మూతలు పెట్టి, ఖాళీల్లో గుడ్డలు కూరితే లోపల దడదడలాడదు. ఇల్లు చేరాక చెక్క షాఫ్ట్‌ను ఒక రాత్రి గదిలో ఉంచి, మర్నాడు దొర్లించి చూసుకున్నాకే ఆడండి.