కౌన్సిల్ వాళ్లు ఊరికే ఇచ్చిన వేప్ కిట్: వాడి చూసి చెబుతున్నా

ఇంగ్లండ్‌లో ఉంటూ సిగరెట్ మానాలని చూస్తున్న మనవాళ్ల కోసం ఈ రివ్యూ. పది లక్షల మంది పొగరాయుళ్లకు వేప్ (ఈ-సిగరెట్) కిట్లు ఇస్తామని 2023లో ఇక్కడి ప్రభుత్వం 'స్వాప్ టు స్టాప్' పథకం ప్రకటించింది. మా ఊళ్లో కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, సిగరెట్ మాన్పించడానికి నడిపే సర్వీసులో పేరిస్తే నాకూ ఒకటి చేతిలో పెట్టారు. మళ్లీ నింపుకునే రకం. వేలెడంత డివైస్, దానికి తగిలించే చిన్న డబ్బీల్లాంటి పాడ్‌లు, వాటిలో పోసే నికోటిన్ లిక్విడ్ పది మిల్లీలీటర్ల సీసాలు.

సర్వీసుకు పదికి తొమ్మిది. అడ్వైజర్ అమ్మాయి క్లాసు పీకలేదు. చిన్న మిషన్ ఇచ్చి, ఊపిరి బిగబట్టి మెల్లగా ఊదమంది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపించే మిషన్ అది. తాగనివాడికి పదిలోపు ఉండాలి, నాకు 24 వచ్చింది. సిగరెట్ పూర్తిగా ఆపి, వేప్ మీదే ఉండి మళ్లీ వెళ్లి ఊదితే 3. వేప్‌లో కాలేదేం లేదు, లోపలి కాయిల్ వేడెక్కి లిక్విడ్ ఆవిరవుతుంది. అందుకే తారూ లేదు, కార్బన్ మోనాక్సైడూ లేదు. నేను ప్రకాశం జిల్లావాణ్ణి, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పక్కన పెరిగా. పచ్చాకు, ఎండాకు సంగతి ఎలా ఉన్నా, కాలిన ఆకులోంచి వేల రసాయనాలు పుడతాయి. వాటిలో క్యాన్సర్ తెచ్చేవే 70 దాకా. ప్రాణాలు తీసేది ఎక్కువగా అవే.

అలాగని ఇదేం తులసి తీర్థం కాదు. నికోటిన్ గుండె వేగాన్నీ, బీపీనీ పెంచుతుంది, పట్టుకుంటే వదలదు. ఈ ఫ్లేవర్లను ముప్పై ఏళ్లు పీల్చిన ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చెప్పడానికి అంతకాలం ఇంకా గడవలేదు. 2019-20లో అమెరికాలో వేప్ లాగి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలై, 68 మంది చనిపోయిన వార్తను మా మామయ్య ఇప్పటికీ వాట్సాప్‌లో పంపుతుంటాడు. అది ప్రధానంగా గంజాయి సారం నింపిన దొంగ కార్ట్రిడ్జ్‌లలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్ చేసిన పని. ఇక్కడి లిక్విడ్లలో విటమిన్లు కలపకూడదు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇదంతా చెప్పినా మామయ్య వినడు.

కిట్‌కు మాత్రం ఆరే వేస్తా. కొత్త పాడ్ నింపాక లోపలి దూది తడిసేదాకా ఓ పది నిమిషాలు ఆగాలి. తొందరపడి దమ్ము లాగితే మాడు వాసన గొంతులో పట్టేసి ఆ పూట వదలదు. ఒక పాడ్ అడుగున కారి చొక్కా జేబంతా జిడ్డు, ఆఫీసంతా పుదీనా వాసన. కంపెనీకి మెయిల్ పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అసలు చిక్కు అది కాదు. సిగరెట్ అయిపోతుంది, పీక పారేస్తాం. దీనికి అయిపోవడమనేదే లేదు. వంటింట్లో, బస్టాపులో, చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. 2019లో ఇంగ్లండ్‌లో జరిగిన ట్రయల్‌లో ఏడాది తిరిగేసరికి వేప్‌తో 18 శాతం మంది సిగరెట్ మానారు. నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివాటితో మానింది 9.9 శాతమే. కానీ వేప్‌తో మానినవాళ్లలో నూటికి 80 మంది అప్పటికీ వేప్ లాగుతూనే ఉన్నారు. నేనూ ఆ బాపతే. 20 నుంచి 10 మిల్లీగ్రాములకు దిగాను, అక్కడే ఆగిపోయాను.

పగలంతా వేప్, రాత్రి పబ్ బయట సిగరెట్ అంటే ఒరిగేది పెద్దగా ఏమీ ఉండదు. సిగరెట్ ముట్టని తమ్ముళ్లూ, మామిడి ఫ్లేవర్ బాగుందట అని దీని జోలికి రాకండి. తగ్గించుకోవడానికి మీకు ప్రమాదమే లేదు, కొత్తది తెచ్చుకోవడం తప్ప.

ఇంకోటి, ఇండియా వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టుకోవద్దు. అక్కడ 2019 చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ బంద్. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కిళ్లీకొట్లో సిగరెట్ మాత్రం విడిగా అమ్ముతారు, అదో వింత. నేను వెళ్లినప్పుడు నికోటిన్ గమ్‌తో సరిపెట్టుకుంటున్నా. అయిపోయినా పర్లేదు, మన మందుల షాపుల్లోనూ దొరుకుతుంది.