చిలికా ఒడ్డున పీతల కూర కోసం వరుసలో నిలబడే ముందు ధర, తూకం అడగండి

శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద పూరీకో భువనేశ్వర్‌కో వెళుతూ, దారిలో చిలికా పీతలు, రొయ్యలు తిందామని ఆగే తెలుగువారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. మాది బరంపురం. డిసెంబరు సెలవుల్లో మా మేనత్త కుటుంబం వస్తే, రంభ అనే ఊరు దాటాక బాగా పేరుపడిన ఒక హోటలుకు వెళ్లాం. పిల్లలతో, పెద్దవాళ్లతో రెండు గంటలకు పైగా వరుసలో నిలబడి, చివరికి వాసన మారిన పీతలకు మూడు రకాల అదనపు వసూళ్లతో బిల్లు కట్టాల్సి వచ్చింది.

అక్కడ ముందుగా డబ్బు కడితేనే టోకెన్ ఇస్తారు. ఆ డబ్బుకు రసీదు ఇవ్వరు. గోడ మీది పట్టికలో అన్నానికి, పప్పుకు ధర ఉంటుంది గాని పీతలకు, పెద్ద రొయ్యలకు ‘సైజును బట్టి’ అని మాత్రమే రాసి ఉంటుంది. కిలో ఎంత అని అడిగితే, మీ వంతు వచ్చినప్పుడు చెబుతామన్నారు. వంతు వచ్చేసరికి వెనక జనం తోసుకుంటూ ఉంటారు, పిల్లలు ఆకలితో ఏడుస్తూ ఉంటారు, ముందు కట్టిన డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది. అప్పుడు చెప్పిన ధర విని నేను వెనుదిరగబోతే మా మేనత్తే, ‘ఇంతసేపు నిలబడ్డాం కదా నాయనా, కట్టేయ్, పిల్లలు తింటారు’ అంది. ఆ మాట అనని కుటుంబం ఉండదు, ఆ హోటలు వ్యాపారమంతా ఆ మాట మీదే నడుస్తోందని నా నమ్మకం. వరుస పొడుగును చూసి రుచిని అంచనా వేయకండి. టూరిస్టు బస్సులు ఆపిన డ్రైవర్లకు ఇలాంటి చోట్ల భోజనం ఉచితం కాబట్టి, బస్సు బస్సంతా ఒక్కసారిగా అక్కడే దిగుతుంది.

తూకం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పీతలను కళ్ల ముందే తూచారు గాని, ముందరి కాళ్లకు కట్టిన తడి తాడు, అంటుకున్న బురద, నీళ్లోడుతున్న బుట్ట అన్నీ కలిపే తూచారు. రొయ్యలైతే తల, పెంకు తీసేశాక బరువు సగానికి దగ్గరగా తగ్గిపోతుంది కనుక, చెప్పే ధర శుభ్రం చేయక ముందు బరువుకా తర్వాత బరువుకా అన్నది ముందే తేల్చుకోవాలి. కాటా మీద అనుమానం వస్తే, మూత తీయని లీటరు నీళ్ల సీసాను దాని మీద పెట్టమనండి. కిలో కంటే కాస్త ఎక్కువ చూపాలి, అంతకు మించి చూపితే అక్కడి నుంచి వెళ్లిపోవడం మేలు. పొట్ట భాగం వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయే పీత ఈమధ్యే పెంకు విడిచినది, దానిలో కండ కంటే నీరే ఎక్కువ. మేము గట్టి పీతలనే ఏరి ఇచ్చాం. అయితే పచ్చి పీత కూరగా ఉడకడానికి కనీసం పావుగంటైనా పట్టాలి, మా బల్ల మీదికి మాత్రం ఐదారు నిమిషాల్లోనే వచ్చింది. ఇచ్చినవి మేము ఏరినవి కావు. చచ్చిన పీత చాలా త్వరగా పాడవుతుంది, ఘాటైన అమోనియా వాసన వస్తే ఒక్క ముద్ద కూడా తినకండి, పిల్లలకు అసలే పెట్టకండి.

కాలం కూడా చూసుకోండి. మనకు కార్తీకం అమావాస్య దాకా సాగుతుంది గాని, ఒడియావారికి పున్నమితో ముగుస్తుంది. నెల్లాళ్లు నీచు మానినవారంతా ఆ మరునాడు మళ్లీ నీచు తింటూ ఛడఖాయి జరుపుకుంటారు కాబట్టి ఆ రోజు చేపల ధరలు, జనం రెండూ పెరుగుతాయి. వేసవి సెలవుల్లో వచ్చేవారు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం ఉంటుందని గుర్తుంచుకుని, ‘ఈ ఉదయం సముద్రం నుంచి వచ్చింది’ అనే మాటను నమ్మే ముందు రెండు ప్రశ్నలు ఎక్కువ అడగాలి.

బిల్లు చేతిరాత చీటీ మీద ఇచ్చి, వండినందుకు వేరుగా, సర్వీస్ చార్జీ వేరుగా, జీఎస్టీ పేరుతో మరికొంత వేశారు. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతటదే చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. జీఎస్టీ వసూలు చేసే హోటలు బిల్లు మీద పదిహేను అక్షరాల నమోదు సంఖ్య ఉండాలి, ఒడిశాలో అది 21తో మొదలవుతుంది. ఆహార భద్రత లైసెన్సు సంఖ్య పద్నాలుగు అంకెలది, 2022 జనవరి నుంచి అది కూడా బిల్లు మీద తప్పనిసరి. మాకిచ్చిన చీటీ మీద ఈ రెండూ లేవు.

పొరుగు రాష్ట్రంలో జరిగింది కదా, ఎవరు తిరుగుతారని చాలామంది వదిలేస్తారు. ఆ అవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మా ఫిర్యాదు అక్కడ నమోదైంది. టోకెన్‌ను, చీటీని, కాటా మీద అంకె కనిపించేలా తీసిన ఫోటోను దాచుకోబట్టే, అడిగిన వెంటనే ఆధారాలు పంపగలిగాం.